పదిహేడు మాత్రమే

ముందు పోయినవాటి లెక్క రాస్తాను. స్టూడెంట్ల కేసు బుక్కులు ముప్పై ఏడు. నాలుగేళ్ళ డ్యూటీ చార్టులు. కాన్పు నేర్పడానికి వాడే గుడ్డ బొమ్మ ఒకటి, దానితోపాటు ప్లాస్టిక్ కటి ఎముక ఒకటి. గోడ గడియారం ఒకటి. సీసా మూతలున్న గుడ్డ సంచి ఒకటి. పాత లేబర్ రూమ్ పక్క గదిలో కప్పు కారి, ఇనప బీరువాలోకి నీళ్ళు దిగాయి. మూడు రోజులు ఎవరూ తలుపు తియ్యలేదు. నేను తీసేసరికి కాగితాలు ముద్దలయ్యాయి, బొమ్మ కడుపు బూజు పట్టింది.

ఆఫీసువాళ్ళు ఒక ఫారం ఇచ్చారు. వస్తువు, సంఖ్య, విలువ అని మూడు గళ్ళు. గుడ్డ సంచికి ఏం విలువ రాయాలో తెలియక పెన్ను పట్టుకుని కూర్చున్నప్పుడు ఫోను మోగింది. చిలకలూరిపేట నుంచి, రిటైరైన మా లేబర్ రూము సిస్టరమ్మ చెల్లెలు.

"అక్క పొద్దున పోయిందమ్మా. నీ నంబరు అక్క పుస్తకంలో మొదటి పేజీలోనే ఉంది. అందుకని చేశా."

ఫారంలో మనుషులకు గడి లేదు. ఆ సంచి మాత్రం ఆమె కుట్టిందే. పోయినవన్నీ ఒకే రోజు లెక్కకు వచ్చాయి.

నేను పల్నాడులో ఒక ప్రభుత్వ ఆసుపత్రిని ఆనుకుని ఉన్న నర్సుల శిక్షణ స్కూల్లో కాంట్రాక్టు క్లర్కుని. ఊరి పేరు రాయడం బాగుండదు. పదో తరగతి దాటలేదు. నాదెండ్ల వైపు మిర్చి కల్లాల దగ్గర టిక్కీల, అంటే బస్తాల, లెక్క రాస్తూ భాగహారాలు, వంతులు నా అంతట నేనే నేర్చుకున్నాను. స్కూల్లో నా పని చార్టు వెయ్యడం. కాన్పులు చెయ్యడం నేర్చుకునే అమ్మాయిల్ని ఏ వారం, ఏ పూట, లేబర్ రూములో ఎవరి కింద ఉంచాలో గళ్ళు గీసి రాస్తాను. ఒక్కో అమ్మాయి ఇరవై కాన్పులు సొంతంగా చేసి ఉండాలి. ఆ ఇరవైకి లేబర్ రూము ఇన్‌చార్జి సంతకం ఉండాలి. అప్పుడే పరీక్ష ఫారం పోతుంది.

సిస్టరమ్మ పగటి పూట ఇన్‌చార్జి. పొట్టి మనిషి. టీ ఎప్పుడూ నిలబడే తాగేది. గ్లాసు సగం అయ్యేసరికి ఎవరో ఒకరు అరిచేవాళ్ళు, మిగతా సగం కిటికీలో చల్లారేది. ఆయమ్మలు ఆ సగం గ్లాసుని చూసి, లోపల కాన్పు ఎంతవరకు వచ్చిందో చెప్పగలిగేవాళ్ళు.

పొద్దున్నే అమ్మాయిలు వరసగా నిలబడగానే ఆమె మొదటి మాట, "చేతులు." పది వేళ్ళూ తిప్పి చూసేది. గోళ్ళు ఉంటే తనే కత్తిరించేది. గాజులు తీయించేది. ఉంగరాలు పిన్నీసుకు గుచ్చి వాళ్ళ ఏప్రాన్ లోపల పెట్టేది. ఒకసారి ఒకమ్మాయి "సిస్టర్, మూడో మంచం కేసు..." అంటూ మొదలుపెట్టింది.

"కేసేందే? కేసులు కోర్టులో ఉంటయ్యి. ఆ మనిషికి పేరు లేదా?"

"చూసొస్తా సిస్టర్."

"చూసి రాకు, అడిగి రా. ఏ ఊరో, ఎన్నో కాన్పో, పొద్దున ఏం తిన్నదో కూడా అడుగు."

గుడ్డ సంచిలో మందు సీసాల మూతలు, డబ్బా మూతలు ఉండేవి. ఒక్కోదాని వెనక అది ఎన్ని సెంటీమీటర్లో రాసి ఉండేది. అమ్మాయి కళ్ళు మూసుకుని రెండు వేళ్ళు సంచిలో పెట్టి, మూత అంచులు తడిమి, ఎంతో చెప్పాలి. గర్భసంచి నోరు ఎంత తెరుచుకుందో వేళ్ళే చెప్పాలి, కళ్ళకు కనపడదు కదా. ఒక మధ్యాహ్నం చార్టు ఇవ్వడానికి వెళ్ళినప్పుడు నన్ను కూడా పెట్టమంది. ఆరు మూతలు తడిమాను. ఆరూ సరిగ్గా చెప్పాను.

"ఓసి నీ... ఇంత చెయ్యి పెట్టుకుని ఆ కుర్చీలో ఏం చేస్తన్నావే, లెక్కలదానా?"

ఆ రోజు నుంచి నా పేరు అదే.

ఇంకొక అలవాటు గురించి చెప్పాలి. మిగతా విషయమంతా దాని చుట్టూనే ఉంది. కాన్పయ్యి, మాయ పడి, తల్లిని తుడిచి పడుకోబెట్టాక, సంతకం కోసం అమ్మాయిలు పుస్తకాలు పట్టుకుని వచ్చేవాళ్ళు. ఆమె పుస్తకం చూసేది కాదు. మంచం మీద తల్లి దగ్గరికి వెళ్ళి అడిగేది.

"నీ బిడ్డను పట్టుకున్నదెవరమ్మా?"

తల్లి ఎవరిని చూపిస్తే వాళ్ళకే సంతకం. ఇంటిపేరుతో సహా పూర్తి పేరు, ఒక్కో అక్షరం విడిగా, ఆగి ఆగి రాసేది. పక్కన నిలబడిన మిగతా ఇద్దరూ పుస్తకాలు మూసుకుని వెళ్ళిపోవాల్సిందే.

మిగతా ఇద్దరు ఎందుకున్నారంటే, మా దగ్గర కాన్పులు పంచుకుంటారు. ఒకమ్మాయి తల పట్టుకుంటుంది, ఒకమ్మాయి బొడ్డు కోస్తుంది, ఒకమ్మాయి బిడ్డను తూస్తుంది. ముగ్గురి పుస్తకాల్లోనూ ఒక్కో కాన్పు పడుతుంది. ఇది దొంగతనమని ఎవరూ అనుకోరు, పెళ్ళి భోజనంలో సర్దుకుని కూర్చోవడం లాంటిదని అనుకుంటారు. నేనే లెక్క వేశాను కాబట్టి నాకు తెలుసు. నేను చెప్పబోయే బ్యాచిలో అమ్మాయిలు ఇరవై నలుగురు. ఇరవై చొప్పున కావలసినవి నాలుగు వందల ఎనభై. ముందటేడు అవే నెలల్లో ఆపరేషన్లు పోగా మామూలు కాన్పులు నూట ఎనభై ఎనిమిది. తక్కువ రెండు వందల తొంభై రెండు. ఈ కాగితం ప్రిన్సిపాల్ మేడమ్‌కి చూపిస్తే ఆమె కళ్ళజోడు తీసి తుడుచుకుంది.

"నిన్ను చార్టు వెయ్యమన్నాం. లెక్క వెయ్యమన్నామా?"

"లెక్క లేకుండా చార్టు ఎట్టా వేసేది మేడమ్?"

"ఎట్టాగో ప్రతి ఏడూ అవుతంది గదా. అట్టాగే వెయ్యి."

అట్టాగే వేశాను. నలుగురు ఇన్‌చార్జిలకు ఆరుగురు చొప్పున. ఎవరి గుంపు పుస్తకాలు వాళ్ళే ముగించి మొత్తం రాసి సంతకం చెయ్యాలి. మొదటి నెల తిరగకుండానే సిస్టరమ్మ గుంపులో ఐదుగురు ఇంటి నుంచి ఫోన్లు చేయించుకుని, తెలిసినవాళ్ళను పట్టుకుని, వేరే గుంపుల్లోకి మారిపోయారు. మిగిలింది షమీమ్ ఒక్కతే.

షమీమ్‌కి ముప్పై దాటాయి. భర్త పిడుగురాళ్ళలో లారీ మెకానిక్. ఆరేళ్ళ కూతుర్ని అత్త దగ్గర వదిలి హాస్టల్లో ఉండేది. ఆమె కోసం ఫోన్లు చేసేవాళ్ళు లేరు. "నువ్వు కూడా మారతావా? నేను రాసిపెడతా" అని నేనే అడిగాను.

"ఎందుకక్కా? నాకు చెయ్యటం రావాల. ఆమె దగ్గర ఐతే నేనొక్కదాన్నే ఉంటా గదా" అంది.

ఆమె లెక్క నా లెక్క కంటే బాగుంది. నాలుగు నెలల్లో ఎవరితోనూ పంచుకోకుండా, తల్లులు వేలు పెట్టి చూపించగా, పదిహేడు చేసింది. ఆమె చేతుల్ని చూసి సిస్టరమ్మ మెచ్చుకునేది కాదు. తిట్టడం తగ్గించింది, అంతే.

ఇంకో మూడు ఎందుకు రాలేదంటే నావల్ల. నా చార్టులో పగటి పూట రెండింటికి అయిపోతుంది. హాస్టల్ వ్యాను రెండింటికి హారన్ కొడుతుంది. పొద్దున తొమ్మిది నుంచి ఒక తల్లి దగ్గర కూర్చుని నడుము రుద్ది, గుక్క గుక్కగా నీళ్ళు తాగించి, సరిగ్గా బిడ్డ వచ్చే వేళకి షమీమ్ లేచి వెళ్ళాలి. తర్వాత పూట అమ్మాయి వచ్చి గ్లవుజులు వేసుకుంటుంది. ఇలా ఐదుసార్లు జరిగింది. ఐదోసారి నేను గుమ్మంలోనే ఉన్నాను.

ఆ తల్లి దుర్గి నుంచి వచ్చింది, పేరు నాగలక్ష్మి. భర్త అక్కడ రాతి బొమ్మలు చెక్కుతాడు. తొలి కాన్పు. హారన్ మోగింది. షమీమ్ వెళ్ళలేదు. తర్వాత పూట అమ్మాయి అనూష అప్పటికే గ్లవుజులతో కాళ్ళవైపు నిలబడి ఉంది, చార్టులో ఆ పూట ఆమెది. షమీమ్ తలవైపు నిలబడి నాగలక్ష్మి చెయ్యి పట్టుకుంది. ఇంకోసారి హారన్ మోగింది. వ్యాను వెళ్ళిపోయింది. రెండూ పదికి బిడ్డ పుట్టింది.

పూట మారినా సిస్టరమ్మ ఇంకా అక్కడే ఉంది. మంచం దగ్గరికి వచ్చింది.

"నీ బిడ్డను పట్టుకున్నదెవరమ్మా?"

నాగలక్ష్మి తల తిప్పి షమీమ్‌ని చూపించింది. "ఈ అక్కే. పొద్దుట్నించీ నన్ను వదల్లేదు."

అనూష కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. సిస్టరమ్మ పెన్ను మూత తీసింది. నేను గుమ్మంలో నిలబడి మనసులో పద్దెనిమిది అనుకున్నాను. కానీ షమీమ్ పుస్తకం తియ్యలేదు.

"నేను కాదు సిస్టర్. నేను చెయ్యి పట్టుకున్నా. బిడ్డను అనూష పట్టుకుంది."

సిస్టరమ్మ షమీమ్‌ని కాసేపు చూసింది. నాగలక్ష్మిని చూసింది. అనూష పుస్తకంలో సంతకం పెట్టి, గుమ్మంలోకి వచ్చి నామీద విరుచుకుపడింది.

"చూసినవా నీ గళ్ళు? తొమ్మిదింటి నుంచి చాకిరీ చేసింది ఒకరు, బిడ్డను పట్టుకుంది ఒకరు. పిల్లలు నీ చార్టు చూసుకుని పుడతారా ఏంది? గంటలకి డ్యూటీ వెయ్యమాకు. తల్లికి వెయ్యి. ఒక తల్లి, ఒక పిల్ల. బిడ్డ పుట్టిందాకా కదలగూడదు."

నేను ఆ ప్రకారం కొత్త చార్టు వేశాను. రెండు రోజులు కష్టపడ్డాను, అందరికీ సరిపోయేలా. ప్రిన్సిపాల్ మేడమ్ ఒక్క ప్రశ్నతో పక్కన పెట్టింది. "వ్యాను?"

వ్యాను రెండింటికే వెళ్ళాలి. మూడింటికి అదే వ్యాను ఇంకో స్కూలు పిల్లల్ని తీసుకెళ్ళాలి. ఇరవై నలుగురి చదువు ఒక వ్యాను హారన్‌కు కట్టేసి ఉందని నేను నమ్మలేకపోయాను. ఆ రోజు వ్యాను ఎక్కనందుకు షమీమ్‌కి హాస్టల్ నుంచి మెమో కూడా వచ్చింది.

ఫారాలు పంపే ఆఖరు రోజు షమీమ్ పుస్తకం తీసుకుని నేనే లేబర్ రూముకు వెళ్ళాను. సాయంత్రం ఐదింటికి గడువు. సిస్టరమ్మ కిటికీ దగ్గర నిలబడి టీ తాగుతోంది.

"మూడు సంతకాలు కావాల సిస్టరమ్మా."

"మూడు కాన్పులు చేసిందా?"

"ఐదు చేసేదే, నా చార్టు కోసేసింది. తప్పు నాది. ఆ పిల్లకు శిక్ష వెయ్యమాకు."

"తప్పు నీదైతే నువ్వు రాసియ్యి. నేను చూడని కాన్పుకు నేనెట్టా రాస్తా?"

నాకు కోపం వచ్చింది. ఇంకో అమ్మాయి పుస్తకం నా దగ్గరే ఉంది. దాన్ని చూసి కాగితం మీద నేను వేసిన లెక్క ముందు పెట్టాను.

"ఇది చూడండి. ఈ పిల్లకి ఇరవై. అందులో సొంతంగా చేసినవి రెండు. పద్దెనిమిది ముగ్గురు ముగ్గురు పంచుకున్నవి. పద్దెనిమిదిని మూడుతో భాగిస్తే ఆరు. ఆరూ రెండూ ఎనిమిది. ఎనిమిది చేసిన పిల్ల నర్సయిపోతంది, పదిహేడు చేసిన పిల్ల ఇంటికి పోతంది. ఇదేం న్యాయం?"

ఆమె కాగితం తీసుకుని, వేలు పెట్టి వరస వరసా చదివింది.

"లెక్క కరెక్టే."

"అయితే పెట్టండి."

"కరెక్టయితే ఎనిమిదిని ఆపాల. పదిహేడుని ఇరవై చెయ్యటం గాదు."

"ఎనిమిదిని మీరు ఆపలేరు గదా! మీ చేతిలో ఉన్నది ఈ ఒక్క పిల్లే. మీ నిజమంతా తెచ్చి దీని నెత్తినే పెడతన్నారు."

ఆయమ్మ ఒకామె తలుపు దగ్గర ఆగి మమ్మల్ని చూసి వెనక్కి వెళ్ళిపోయింది. సిస్టరమ్మ గ్లాసు కిటికీలో పెట్టింది.

"నా పుస్తకంలో కూడా ఇరవై ఉన్నయ్యే అమ్మాయ్. చేతిలో ఆరే. మిగతా పద్నాలుగు నేనెక్కడ నేర్చుకున్నానో తెలుసా? మాచర్ల అవతల సబ్‌సెంటర్లో. ఒక్కదాన్నే. పక్కన చెప్పే మనిషి లేదు. నర్సమ్మ వచ్చింది, ఇంక భయం లేదనుకున్నారు వాళ్ళు. ఆమెకింకా రాదని ఎవరికి తెలుసు? పద్నాలుగు మంది పేర్లు నాకు గుర్తే." గ్లాసు పక్కకు జరిపింది. "పన్నెండు మంది బాగానే ఉన్నారు."

తీసివేత నేను చెయ్యలేదు. నా ప్రమేయం లేకుండానే వచ్చేసింది.

ఆమె షమీమ్ పుస్తకం తెరిచి, మొత్తం దగ్గర అంకె వేసి, పక్కన అక్షరాల్లో 'పదిహేడు మాత్రమే' అని రాసింది. కింద తన పూర్తి పేరు పెట్టింది. నాకు ఇప్పటికీ ఒళ్ళు మండేది ఆ రెండో మాట దగ్గరే. అంకె ఒక్కటే రాసి ఉంటే, మధ్యాహ్నం పూట ఇన్‌చార్జి ఇంకో మూడు కలిపేదే. నేను ఆమె దగ్గరికి కూడా వెళ్ళాను. ఆమె పుస్తకం చూసి నవ్వింది.

"మూడే గదా, క్షణంలో పెట్టేదాన్ని. మాత్రమే అని మేకు కొట్టింది గదమ్మా మీ సిస్టరమ్మ. దాని కింద నేనేం రాసేది?"

ఐదింటికి ఇరవై మూడు ఫారాలు వెళ్ళాయి.

మర్నాడు సిస్టరమ్మ నా బల్ల దగ్గరికి వచ్చి తెల్లకాగితం అడిగింది. నేను చార్టు మీంచి తల ఎత్తలేదు. తనే సొరుగు లాగి తీసుకుంది. షమీమ్‌ని ఇంకో రెండు వారాలు లేబర్ రూములో ఉంచాలని, మూడు కాన్పులు దగ్గరుండి చేయిస్తానని, నెలాఖరుకు తను రిటైరవుతున్నా ఇంటి నుంచి వచ్చి ఆ పని చేస్తానని పై ఆఫీసుకు రాసింది. కింద నా లెక్క కాగితం జత చేసింది.

రెండు నెలలకు జవాబు వచ్చింది. శిక్షణ గడువు ముగిసింది, తర్వాతి బ్యాచిలో ఖాళీ ఉంటే చూడవచ్చు. తర్వాతి బ్యాచిలో ఖాళీ లేదు. ఉన్న ఇరవై నలుగురికే కాన్పులు చాలడం లేదని ఈసారి ప్రిన్సిపాల్ మేడమ్ నా లెక్కనే నాకు చూపించింది.

రిటైరయ్యాక సిస్టరమ్మ ప్రతి నెలా మొదటి సోమవారం చిలకలూరిపేట నుంచి బస్సులో వచ్చేది. ఆఫీసు బయట బల్ల మీద కూర్చునేది, ఒక దరఖాస్తు తిరిగొస్తే ఇంకోటి రాసిచ్చేది. చేతిసంచిలో ఇస్త్రీ చేసిన ఏప్రాన్ మడత పెట్టి ఉండేది. పర్మిషన్ వస్తే ఆ రోజే మొదలుపెట్టాలని. మొదటిసారి నేను ముఖం తిప్పుకున్నాను. రెండోసారి మంచినీళ్ళిచ్చాను.

"వచ్చిందా?"

"రాలేదు."

"ఆ పిల్ల ఎట్టా ఉంది?"

"ఎట్టా ఉంటది? ఆ రోజు మీరు మూడు సంతకాలు పెట్టుంటే మీకీ బస్సులెక్కే బాధ తప్పేది."

"నోరు ముయ్యవే లెక్కలదానా." నవ్వేది. తర్వాత నవ్వు ఆగేది. "నిజమే. తప్పేది." ఒక్కసారి కూడా "నేను తప్పు చేశాను" అనలేదు. "నేను చేసింది సరైంది" అని కూడా అనలేదు. నాకు ఈ రెండింటిలో ఏది అన్నా కాస్త ఊరట ఉండేది.

పదకొండు సోమవారాలు వచ్చింది. పన్నెండో నెల మోకాళ్ళు పట్టేశాయి. ఆ తర్వాత ఫోన్లో అడిగేది, అదే ఒక్క మాట. ఆఖరి ఆరు నెలలు నేనే "ఇంకా రాలేదు సిస్టరమ్మా" అని ముందే చెప్పేదాన్ని, ఆమెకు అడిగే శ్రమ లేకుండా.

పోయిందని షమీమ్‌కి నేనే ఫోను చేసి చెప్పాను. వెనక ఎవరో మూలుగుతున్న శబ్దం వినపడింది. మూడేళ్ళుగా ఆమె మాచర్ల వైపు ఒక ప్రైవేటు నర్సింగ్ హోములో హెల్పరుగా ఉంటోంది.

"ఇప్పుడు కూడా కాన్పు మీదే ఉన్నావా?"

"ఇంకా టైముందక్కా. నాలుగే తెరుచుకుంది."

"నెలకు ఎన్ని చేస్తన్నావు?"

"పది, పన్నెండు. లెక్క పెట్టుకోట్లేదు."

"డాక్టరమ్మ ఉంటదా?"

"పిలిస్తే వస్తది. రాసేది ఆమె పేరే. నాకు సర్టిఫికెట్ లేదు గదా."

నెలకు పది వేసుకున్నా మూడేళ్ళకు మూడు వందల అరవై. పక్కన చెప్పే మనిషి లేకుండా, ఒక్కతే. సిస్టరమ్మ ఏది జరగకూడదని పెన్ను మూత పెట్టేసిందో అదే జరుగుతోంది. కాకపోతే ఈ పిల్లకు చెయ్యి వచ్చు. ఆ మాట నన్ను నేను సముదాయించుకోవడానికి అనుకుంటాను. అది నిలవదు. చెయ్యి వచ్చినా, ఏదైనా తేడా వస్తే, నువ్వెవరివని మొదట అడిగేది ఆమెనే.

"సిస్టర్ మీద నీకు కోపం లేదా?" అని అడిగాను.

"ఆమె మీదా? లేదక్కా. ఆమె పదిహేడింటి దగ్గరా నిలబడి నేర్పింది." మళ్ళీ తనే, "నీ చార్టు మీదుంది" అంది. నవ్విందో లేదో తెలియలేదు. లోపల్నుంచి ఎవరో పిలిచారు, ఫోను పెట్టేసింది.

మట్టి చెయ్యడానికి చిలకలూరిపేట వెళ్ళొచ్చి, మర్నాడు ఆఫీసులో మళ్ళీ దరఖాస్తు రాశాను. ఇది నాలుగోది. మొదటి మూడింటిలో దగ్గరుండి చేయించే సిస్టర్ అన్నచోట ఆమె పేరుండేది. ఈసారి అక్కడ ఎవరి పేరు రాయాలో అడిగితే లేబర్ రూములో ఎవరూ ఒప్పుకోలేదు. అది ఖాళీగానే పంపాను. మిగతావి నింపాను. అభ్యర్థి షమీమ్. కావలసినవి ఇరవై. చేసినవి పదిహేడు. రావలసినవి మూడు.